ప్లేయర్ కొంటే సరే, తెలుగు డిస్కేదీ?

మా హాస్టల్లో ఈ మధ్య నడుస్తున్న వాదన ఇది: 4కే బ్లూరే ప్లేయర్ కొనడం డబ్బు దండగా, కాదా? దండగే అనేవాళ్లే ఎక్కువ. "ఫోన్లో అన్నీ ఉంటే ఇంకా డిస్కులేంటి మావా?" అంటారు. నేను డిస్కు పక్షం. అయితే మీరనుకునే కారణానికి కాదు.

ముందు లెక్క చూద్దాం, ఇంజనీరింగోళ్లం కదా. ఆర్ఆర్ఆర్ నిడివి 182 నిమిషాలు. 4కేకి నెట్‌ఫ్లిక్స్ అడిగే స్పీడు 15 ఎంబీపీఎస్. ఆ స్పీడులో సినిమా మొత్తం వస్తే 20 జీబీ చిల్లర. రోజుకి 2 జీబీ ప్యాకుతో బతికే మనకి అది పది రోజుల గ్రాసం! కాబట్టి మనం చూసేది 4కే కాదు, ప్యాకుకి తగ్గట్టు పిండేసిన బొమ్మ. అదే డిస్కు మీద 60 ఎంబీపీఎస్ చొప్పున వేసినా 82 జీబీ అవుతుంది, 100 జీబీ డిస్కులో హాయిగా పడుతుంది. చీకటి సీన్లో నలుపు మెట్లుమెట్లుగా విడిపోకుండా ఉంటుంది. ఆరంగుళాల ఫోన్లో ఆ తేడా తెలీదు, నిజమే.

అసలు చిక్కు బొమ్మలో లేదు, సరుకులో ఉంది. ఆర్ఆర్ఆర్ బ్లూరే 2023లో జపాన్లో అమ్మారు. ఏలూరులో అడిగి చూడండి, నవ్వుతారు. పోనీ అక్కణ్ణుంచి తెప్పిద్దామంటే, మామూలు బ్లూరేలో జపాన్‌ది ఏ రీజియన్, మనది సీ. లాక్ ఉన్న డిస్కయితే మన ప్లేయర్లో ఆడదు. మన సినిమా, మనకే తాళం!

ఒకప్పుడు మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకి అమ్మారు. బొమ్మ నాసిరకమే, కానీ కొన్నాక అది మనది. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లిపోయింది. డిస్కులు గీతలు పడతాయి, కొల్లేటి తేమకి వీహెచ్ఎస్ టేపులైతే బూజే పట్టేవి. అయినా అవి మన ఇంట్లో, మన చేతిలో పాడయ్యాయి. యాప్‌లో సినిమా ఉండటం, పోవటం ఎవరో రాసుకున్న అగ్రిమెంటు. 2022లో ఆర్ఆర్ఆర్ హిందీ నెట్‌ఫ్లిక్స్‌కి, తెలుగు జీ5కి వెళ్లినప్పుడు మనల్ని ఎవరడిగారు?

పాత సినిమాల సంగతి ఇంకా ఘోరం. మన నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు ఘటోత్కచుడుగా చేసిన 'మాయాబజార్' 1957 నాటిది. 2010లో రంగులు వేసి, నిడివి తగ్గించి మళ్లీ విడుదల చేశారు. రేపు యాప్‌లో ఏది పెడితే అదే మాయాబజార్ అయిపోతుంది.

ఎవరికివాళ్లు ప్లేయర్ కొనక్కర్లేదు, అంత డబ్బు మన దగ్గర లేదు కూడా. కాలేజీ లైబ్రరీకి ఒకటి చాలు. ఇక నిర్మాతలు ముందస్తు బుకింగు పెట్టి, డబ్బు కట్టినవాళ్లకే కాపీలు కొట్టించి ఇవ్వొచ్చు కదా? మాయాబజార్‌తో మొదలుపెడితే నా పేరు రాసుకోండి. నలుపు తెలుపుల్లో, పూర్తి నిడివితో అయితేనే.