పేరు విడిచిన స్మారకము

గతించినవారి పేర ధర్మము నెలకొల్పుట లోకమం దంతటను గల ఆచారమే. చెక్కించిన పేరు చెరిగిపోకుండిన చాలును, ధర్మము సాగుచున్నట్లే యని తృప్తిపడుటయు నంతే సాధారణము. లండను నగరమున ఇందుకు భిన్నమైన సంగతి యొకటి జరిగినది. హతుడైన యొక యువకుని స్మారకముగా 1998వ సంవత్సరమున ఏర్పడి, సుమారు ఇరువదియేండ్లు వాని పేరనే ప్రసిద్ధికెక్కిన ధర్మసంస్థ ఆ పేరును విడిచి వేరొక పేర పనిచేయుచున్నది. స్టీఫెన్ లారెన్స్ చారిటబుల్ ట్రస్టు నేడు బ్లూప్రింట్ ఫర్ ఆల్, అనగా అందరికిని నక్షా, అని పిలువబడుచున్నది. ఈ వార్త విన్నప్పుడు మొదట మాకును మనసు చివుక్కుమన్నది. ఆలోచించినకొలది మా అభిప్రాయము మారినది. ఆ మారుటకు గల కారణములను పాఠకులయెదుట నుంచుచున్నాము.

స్టీఫెన్ లారెన్స్ జమైకా ద్వీపమునుండి వలసవచ్చిన నీగ్రోజాతి దంపతుల కుమారుడు. వాస్తుశిల్పి కావలెనని వాని కోరిక. 1993వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీ రాత్రి, ఆగ్నేయ లండనులోని ఎల్తాము ప్రాంతమున బస్సుకొరకు వేచియుండగా, కొందరు తెల్ల యువకులు వానిని కత్తులతో పొడిచి చంపిరి. అప్పటికి వానికి పదునెనిమిదేండ్లు. చేసిన తప్పేమియు లేదు, దేహచ్ఛాయయే తప్పైనది. పోలీసుల దర్యాప్తు ఎంత నిర్లక్ష్యముగా సాగినదో, దానిలో జాతిద్వేషము సంస్థాగతముగా నెట్లు పాతుకొనియుండెనో 1999వ సంవత్సరమున మాక్ఫర్సన్ విచారణసంఘము స్పష్టపరచినది. హంతకులలో ఇద్దరికి శిక్ష పడుటకు 2012వ సంవత్సరము జనవరివరకు పట్టినది. పందొమ్మిదేండ్లు తలిదండ్రులు న్యాయస్థానముల గుమ్మములు కాచిరి.

మేమిక్కడ చెప్పదలచినది ఆ వ్యాజ్యమునుగూర్చి కాదు. దానిచాయను నడచిన ధర్మమును గూర్చి. తల్లి డోరీను లారెన్సు న్యాయముకొరకు పోరాడుచునే ఈ సంస్థను నెలకొల్పినది. తన కుమారునివలె నల్లని మేనితోను, చిక్కిన సంచితోను పుట్టిన పిల్లలు వాని మనసులోనున్న చదువును చదువవలెనని ఆమె సంకల్పము. ఒకే మనిషి చేసినవైనను ఇవి రెండును వేర్వేరు పనులు. న్యాయమునకు పోరాడువానికి కావలసినది పట్టుదల, మరువనితనము, అవసరమైనచో ఆగ్రహము. ధర్మము నడపువానికి కావలసినది లెక్కలపుస్తకము, ఓర్పు, ఒకే పనిని ప్రతియేటను విసుగులేక చేయగల గుణము. మొదటిదానికి పత్రికలు వచ్చి నిలుచును. రెండవదానికి ఎవరును రారు.

వాస్తుశిల్పవిద్య యెట్టిదో తెలిసినగాని ఈ మాటలోని బరువు తెలియదు. ఇంగ్లండులో ఆ వృత్తిలో చేరుటకు చిరకాలముగా ఏడేండ్లకు తక్కువకాని శిక్షణము కావలసియున్నది: మొదట మూడేండ్ల పట్టపు చదువు, పిమ్మట కార్యాలయములో ఒక యేడాది పని, మరి రెండేండ్ల చదువు, మరల ఒక యేడాది పని, ఆపైన పరీక్ష. వైద్యవిద్యవలెనే దీర్ఘమైనది, సంపాదన మాత్రము ఆ లెక్కను రాదు. కాలేజీ ఫీజు ఒక్కటియే కాదు. కాగితములు, అట్టలు, నమూనాలు చేయు సామగ్రి, గీతలు గీయు కంప్యూటరు, రాత్రింబవళ్లు పనిచేయు దినములలో తిండి, బస. ఇవన్నియు నొక యెత్తు. నడుమ పని నేర్చుకొనుటకు కార్యాలయములో చోటు దొరకుట మరియొక యెత్తు. కలవారి పిల్లవానికి మేనమామయో, తండ్రి స్నేహితుడో ఆ వృత్తిలో నుండును. ఒక్కమాటతో తలుపు తెరచుకొనును. బస్సు డ్రైవరు కొడుకునకు అట్టి మేనమామ యెక్కడిది? కనుక ఆ మేనమామ స్థానమును సంస్థ నడపువారే పూరింపవలెను. ఫీజు కట్టుట, పెద్ద శిల్పులను వెదకి పిల్లవానికి జతచేయుట, మూడవయేట మనసు విరిగి మానివేయదలచినవానిని కూర్చుండబెట్టి మాటలాడుట, ఇదియే వారి నిత్యకృత్యము.

చిక్కెక్కడనన్న, జనులకు కోపము వచ్చినప్పుడు విరాళములు వచ్చును; పిల్లల ఫీజు మాత్రము కోపమున్నను లేకున్నను ఏటేట వచ్చును. తీర్పు వెలువడిన వారమున గుమ్మరించిన సొమ్ము మూడవయేటికి మిగులునా? స్మారకధర్మములు నడపువారి నిజమైన పరీక్ష ఈ ఎడమును పూడ్చుటలోనే యున్నది.

2008వ సంవత్సరమున ఈ సంస్థకు డెట్ఫర్డులో డేవిడ్ అడ్జాయే రచించిన సుందరమైన భవనము వెలసినది. దాని కిటికీ అద్దములపై క్రిస్ ఓఫిలీ అను చిత్రకారుడు రచన చేసెను. తెరచిన కొలదిదినములకే దుండగులు ఆ అద్దములను పగులగొట్టిరి. చచ్చినవాని పేరునైనను సహింపని ద్వేషము! అట్టిచోట అట్టి భవనము నిలుపుట ధైర్యమే, కాదనము. ఐనను మాకొక సందేహము కలదు. దాతలు ఇటుకకు ఇచ్చినంత సంతోషముగా ఫీజుకు ఇయ్యరు. ఇటుక కనబడును, దానిపై పేరు వ్రాయవచ్చును. కట్టినపిమ్మట దీపములకు, కాపలాకు, మరమ్మతులకు నెలనెలకు కావలసిన సొమ్మెక్కడిదని శంకుస్థాపన దినమున అడుగువాడు అశుభము పలికినవాడగును. ఆ ప్రశ్న నడుగుటయే ధర్మకర్తల ఉద్యోగము.

మన పట్టణములలో మాత్రము వేరుగా నున్నదా? మన ప్రియమైన స్మారకము బంగారు పతకము. కాలేజీలో మొదటివాడుగా నిలిచినవానికి తాతగారి పేర పతకమిత్తుము, చప్పట్లు కొట్టుదుము. వాడెట్లును పైకి వచ్చువాడే. మెస్సు బిల్లు కట్టలేక రెండవయేట ఊరికి పోయినవాని సంగతి ఆ సభలో ఎవరికిని జ్ఞాపకము రాదు. పతకమునకు ధర్మకర్త అక్కరలేదు, కంసాలి చాలును.

ఇక పేరుమాట. స్టీఫెన్ పేరు మాసిపోలేదు. ఏప్రిలు 22వ తేదీ 2019వ సంవత్సరమునుండి బ్రిటనులో వాని స్మారకదినముగా జరుగుచున్నది. దానికి వేరొక సంస్థయే యున్నది. 1998వ సంవత్సరమున ఏర్పడిన స్టీఫెన్ లారెన్స్ బహుమానము, పూర్వము స్వల్పవ్యయముతో కట్టిన మంచి కట్టడములను గౌరవించినదిగా, శిల్పులలో పేరుపొందినది. తల్లి 2013వ సంవత్సరమున ప్రభువులసభలో సభ్యురాలైనది. స్మరించుపనిని ఒకచోటను, చదివించుపనిని మరియొకచోటను ఉంచుట తప్పని మాకు తోచదు. ఇరువదియేండ్ల పిల్లవాడు విద్యార్థివేతనము పుచ్చుకొనునప్పుడెల్ల ఒక హత్యను తలకెత్తుకొని నడువవలెననుట న్యాయముగా నున్నదా? 1993వ సంవత్సరమునకు పుట్టనైన పుట్టనివాడు వాడు. వానికి కావలసినది నక్షా గీయు బల్ల.

అయినను మా ఆమోదమునకు ఒక షరతు కలదు. పేరున్నంతకాలము ఆ పేరే కాపలాదారు. ధర్మకర్త యొకడు సోమరియైనచో, తల్లి కన్నెఱ్ఱజేయును, జనులు అడుగుదురు. పేరు పోయిన సంస్థకు ఆ కాపలా లేదు. జీతగాండ్ర చేతిలో నది నిదానముగా మరియొక కార్యాలయమై, నివేదికలు వ్రాయుటయు, వానికొరకు విరాళములు పోగుచేయుటయు పనియై కూర్చుండవచ్చును. ఇంగ్లండులో ధర్మకర్తలు సామాన్యముగా ప్రతిఫలము పుచ్చుకొనరాదు. ధర్మసంస్థల సంఘమునకు ఏటేట లెక్కలు సమర్పింపవలెను. ఆ లెక్కలను ఎవరైన చదువవచ్చును. మంచి చట్టమే. కాని లెక్క చూపుట వేరు, ఎంతమందిని చేర్చుకొంటిమి, ఎంతమంది ఏడవయేటివరకు నిలిచిరి, మానినవారెందుకు మానిరి అని చెప్పుట వేరు. కడపటి ప్రశ్నకు సమాధానము ఏ ధర్మసంస్థయు ఇష్టముగా అచ్చువేయదు. మేమడుగునది అదియే.

రాబోవు ఏప్రిలు 22వ తేదీనను లండనులో ఉపన్యాసములు జరుగును, పుష్పములుంచుదురు. ఆ సభలలో నెవరైన లేచి, నాలుగవయేటి విద్యార్థుల ఫీజుకు ఈ సంవత్సరము సొమ్ము చేకూరినదా యని అడిగిన బాగుండును.