అనుమతి – మన ఇంటి తాళంచెవి

పాతనగరంలో పుట్టి పెరిగిన వారికి గుమ్మం మర్యాదను ఎవరూ ప్రత్యేకించి నేర్పనక్కరలేదు. వచ్చినవాడు తలుపు తట్టాలి, తానెవరో చెప్పాలి, ఇజాజత్ అడగాలి, లోపలినుండి పిలుపు వచ్చేవరకు పర్దా కివతలనే నిలబడాలి. లాడ్ బజారులో గాజుల వర్తకుడు ఎంత గొంతెత్తి పిలిచినా ఆ పిలుపు వీథిలోనే నిలిచిపోతుంది గాని మన ఇంటి లోపలి గదికి రాదు. ఇంతటి మర్యాద తెలిసిన మనమే నేడు అరచేతిలోని ఫోను తలుపులను ముక్కూ మొగమూ తెలియనివారికి బార్లా తెరిచి, ఆ పిమ్మట "దొంగలు పడ్డారు" అని వాపోతున్నాము. ఈ విషయమై నా విద్యార్థులతోను, కళాశాల పాలకవర్గం పెద్దలతోను నాలుగు మాటలు చెప్పుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిరుడు పరీక్షా ఫలితాలు వెలువడిన దినాలలో బి.కాం. చదువుతున్న మా విద్యార్థిని ఒకతె వరుసగా పదిదినాలు తరగతికి రాలేదు. పదకొండవ దినాన తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. జరిగినదేమంటే, ఆమె తన ఫలితం కోసం ఫోనులో వెదకుతూ ఏదో పేరు తెలియని వెబ్‌సైటులోనికి పోయింది. అక్కడ ఒక చిన్న గడి తెర మీదికి వచ్చి, "మీరు మరమనిషి కాదని నిరూపించుకొనుటకు 'అలౌ' అను మాటను నొక్కుడు" అని ఇంగ్లీషులో ఆజ్ఞాపించింది. ఆమె నొక్కింది. సాయంకాలానికి "మీ ఫోనులో 5 వైరస్‌లు ఉన్నవి", "మీకు బహుమతి వచ్చినది" అంటూ ప్రకటనలు మొదలైనవి. రాత్రి అయ్యేసరికి చెప్పుకొనడానికి సిగ్గుపడవలసిన బొమ్మలు రాసాగినవి. అన్న చూశాడు. ఇంకేమున్నది? ఫోను లాగుకొన్నారు. చదువు మాన్పిద్దామా అనే ఆలోచన దాకా పోయింది. ఉపకారవేతనపు దరఖాస్తుకు కావలసిన ఓటీపీ వచ్చేది కూడ ఆ ఫోనుకే!

నేను ఫోను తీసుకొని చూశాను. అందులో వైరస్ లేదు. ఆ పిల్ల చూడరాని సైటులు చూసిన జాడ కూడ లేదు. ఉన్నదల్లా ఒక్క అనుమతి. దానిని రద్దు చేయడానికి పట్టిన కాలం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల పని ఎవరికీ తెలియకపోవడంచేత ఒక ఆడపిల్ల పదిదినాలు తన ఇంటిలోనే దోషిగా నిలబడింది. "సార్, నేను ఏమీ చూడలేదని అన్నయ్యకు మీరే చెప్పండి" అని ఆమె అడిగిన మాట నేటికీ నా చెవిలో మ్రోగుతున్నది.

ఇంతకూ ఈ మాయ ఎట్లా పనిచేస్తుంది? బ్రౌజరు ద్వారా నోటిఫికేషన్లు పంపే సౌకర్యాన్ని క్రోమ్ 2015లో ప్రవేశపెట్టింది. ఉద్దేశం మంచిదే. పత్రిక తన ముఖ్యవార్తను, విద్యాసంస్థ తన ప్రకటనను, మనం ఆ సైటును తెరవకున్నా మనకు తెలియజేయవచ్చును. అయితే ఒకసారి "అలౌ" అన్నామంటే, ఆ సైటును మూసివేసినా, మరచిపోయినా, దాని యజమాని మన తెరమీదికి ఎప్పుడైనా ఏదైనా పంపగలడు. మోసగాళ్ళు కనిపెట్టినది ఈ రంధ్రాన్నే. వారు తాళం పగులగొట్టరు. తాళంచెవిని మనచేతనే ఇప్పించుకొంటారు. వైరస్ ఉన్నదన్న బెదిరింపు గాని, బహుమతి అన్న ఆశ గాని, మరమనిషి పరీక్ష గాని – అన్నియు ఆ చెవి కోసం ఆడే నాటకాలే. మనం నొక్కే ప్రతి నొక్కుకూ ఎక్కడో ఎవరికో కొంత పైకం ముట్టుతుంది. ఇది చిల్లర వ్యాపారమే గాని, కోట్ల మంది నొక్కినప్పుడు చిల్లర కాదు.

దీనికి అన్నదమ్ములు మరి ఇద్దరున్నారు. ఒకటి దారి మళ్ళింపు. మనం ఒక సైటును తెరుస్తాము. అది మనలను అడగకుండానే మరొక చోటికి, అక్కడినుండి ఇంకొక చోటికి త్రోసివేస్తుంది. రెండవది ఆడ్‌వేర్, అనగా ఉపకారి వేషంలో ఫోనులో దిగి ప్రకటనలు కురిపించే యాప్. టార్చి దీపమనో, ఫోను శుభ్రం చేస్తాననో, ఉచితంగా సినిమాలు చూపుతాననో అది లోపలికి వస్తుంది. పెళ్ళి శుభలేఖ పేరిట వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళది ఇంతకన్న ప్రమాదకరమైన జాతి. అవి మన సందేశాలను, వాటితోపాటు బ్యాంకు ఓటీపీలను కూడ దొంగిలించగలవు.

"ఇటువంటివి చెడు సైటులకు పోయేవారికే జరుగుతాయి, మంచివారికి భయమెందుకు?" అని పెద్దలు కొందరు అంటారు. ఈ అభిప్రాయం పొరపాటని మన ఊరి అనుభవమే చెప్పుతున్నది. మూసీ ఒడ్డున మనం నిత్యం చూస్తూ సాగిపోయే ఆ మహాసౌధం, మన హైకోర్టు. 2025 నవంబరులో ఆ న్యాయస్థానపు వెబ్‌సైటునుండి తీర్పుల ప్రతులు దింపుకొనబోయినవారు ఒక ఆన్‌లైన్ జూదపు సైటుకు మళ్ళింపబడ్డారు. న్యాయస్థానం అధికారులు ఫిర్యాదు చేయగా పోలీసులు కేసు నమోదు చేశారు. ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే చట్టరీత్యా నిషేధించిన రాష్ట్రం మనది. న్యాయం కోసం పోయినవానిని జూదపుటింటి గడపలో నిలబెట్టిన ఈ విడ్డూరాన్ని ఏమనాలి? అంతకు ముందు 2024లో కూడ తెలంగాణతో సహా అనేక రాష్ట్రాల ప్రభుత్వ సైటులలో పందెపు సంస్థలకు దారితీసే పుటలు దొంగతనంగా నాటబడినట్లు బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 సెప్టెంబరులో పురపాలక శాఖ, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘముల సైటులలో ఒక రహస్య క్రమణిక దాగి, వచ్చిన వారి కంప్యూటర్ల శక్తిని డిజిటల్ నాణేల తయారీకి వాడుకొంటున్నదని యువ పరిశోధకులు వెల్లడించారు. ఆస్తిపన్ను కట్టబోయిన గృహస్థుడు ఏ పాపం చేశాడు? కాబట్టి ఇది శీలానికి సంబంధించిన విషయం కాదు, జ్ఞానానికి సంబంధించినది. ఫోనులో వచ్చిన బొమ్మను చూసి ఆ ఫోను గలవారి నడవడిని నిర్ణయించడం, గోడమీద ఎవడో అంటించిన సినిమా కాగితాన్ని చూసి ఇంటివారిని నిందించడం వంటిది.

ఇక నేను తెలుగు బోధకుణ్ణి గనుక నాకు ముఖ్యమని తోచిన మరొక మాట. ఆ పిల్ల ఇంటిలో ఉర్దూ, వీథిలో తెలుగు మాట్లాడుతుంది. అనుమతి అడిగినది మాత్రం ఇంగ్లీషులో. అర్థం కాని భాషలో అడిగిన ప్రశ్నకు భయంతో చెప్పిన జవాబు అంగీకారం అవుతుందా? పత్రంమీద వ్రాసినదేమో చదివి వినిపించకుండా నిరక్షరాస్యుని వ్రేలిముద్ర వేయించుకొన్న వడ్డీవ్యాపారి కథలు మన పెద్దలు చెప్పగా విన్నాము. నేటి వ్రేలిముద్ర ఈ నొక్కుడే. ఫోను తెర భాషను తెలుగులోనికి గాని ఉర్దూలోనికి గాని మార్చుకొనే వీలున్నది; అది నామోషీ అని మన పిల్లలు మార్చుకొనరు. తెలియని భాషలో తెలివిగా కనబడడంకన్న తెలిసిన భాషలో జాగ్రత్తగా ఉండడం మేలు గదా!

బ్రౌజరు సంస్థలకు బాధ్యత లేదని నేననడం లేదు. 2020లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండును ఈ అనుమతి గడులు ఊరకే మీదికి ఎగబడకుండ కొన్ని కట్టుబాట్లు చేశాయి. ఆపని 2015లోనే చేసి ఉంటే బాగుండేది. అయినా మోసగాడు కొత్త దారి వెదకుకొంటూనే ఉంటాడు; గడపలో కావలి మనదే.

"అసలు ఫోనులే నిషేధిస్తే పీడ వదలును" అనే వాదం అధ్యాపకుల గదిలో తరచు వినబడుతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకొంటామా? ఉపకారవేతనం దరఖాస్తు, హాల్‌టికెట్టు, ఫలితం, ప్రవేశపరీక్ష – అన్నిటిని ఫోనుకు ముడివేసినవారము మనమే. పైగా నిషేధపు భారం అందరిమీద సమానంగా పడదు. మగపిల్లవాని ఫోను మరునాడే తిరిగి చేతికి వస్తుంది. ఆడపిల్ల ఫోను పోతే దానితోపాటు ఆమె చదువు కూడ పోయే ఇళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు చేయవలసినది స్వల్పం. క్రోమ్‌లో కుడివైపు పైమూలనున్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ చూడండి. మీరెరుగని పేరు ఏది కనబడినా అనుమతిని తీసివేయండి. ప్రకటనలు హోం తెరమీదికే వస్తున్నవంటే తప్పు ఏదో యాప్‌ది. ప్రకటన కనబడుతున్నప్పుడే ఇటీవల వాడిన యాప్‌ల బటను నొక్కితే తరచు దొంగ పేరు బయటపడుతుంది. దానిని తొలగించండి. తొలగనంటే సేఫ్ మోడ్‌లో ఫోను తెరచి తొలగించండి. ప్లే స్టోరులోని ప్లే ప్రొటెక్ట్ తనిఖీని నడపండి. ప్లే స్టోరు బయటనుండి, ముఖ్యంగా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేలను దింపుకొనకండి. "వైరస్ ఉన్నది, ఈ నంబరుకు ఫోను చేయుడు" అని వెబ్ పుట చెప్పితే నమ్మకండి. ఆ పుటను మూసివేయడమే మందు. డబ్బు పోయినదా, సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కు ఫోను చేయండి. ఆలస్యమైనకొద్దీ ఆ పైకం చేతులు మారిపోతుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభం లేదు.

పాలకవర్గం పెద్దలకు నా విన్నపాలు నాలుగు. మొదటిది, ఫలితాల, ఉపకారవేతనాల అసలైన సైటుల చిరునామాలను తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు భాషలలో వ్రాయించి నోటీసు బోర్డులో ఉంచాలి. పిల్లలు చీకటిలో వెదకులాడడం వల్లనే గోతులలో పడుతున్నారు. రెండవది, వారానికి ఒక గంట కంప్యూటరు ప్రయోగశాలలో ఫోను చికిత్సకు కేటాయించాలి. ఆడపిల్లల ఫోనులను చూడడానికి అధ్యాపికలే ఉండాలి. కారణం అడగకుండా, ఇంటికి కబురు పంపకుండా సహాయం చేయాలి. మూడవది, మన కళాశాల వెబ్‌సైటును ఎవరు కాపాడుతున్నారో, దాని క్రమణికలను ఎప్పుడు నవీకరించారో విచారించాలి. మోసగాళ్ళు తరచు శోధన యంత్రం ద్వారా వచ్చినవారికి మాత్రమే దొంగ పుటను చూపుతారు. నేరుగా చిరునామా టైపు చేసి చూసిన యజమానికి అంతా సవ్యంగానే కనబడుతుంది. కాబట్టి "మాకు బాగానే కనబడుతున్నది" అనే జవాబు చాలదు. నాలుగవది, ప్రవేశాల దినాన తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ సంగతులను వారి భాషలో చెప్పాలి. కోపం చల్లారవలసినది అక్కడ.

ఆ విద్యార్థిని అన్నను నేను పిలిపించి, అతని ఫోనునే తీసుకొని నోటిఫికేషన్ల జాబితా తెరిచి చూపించాను. అందులో పదునాలుగు పేర్లున్నవి. ఏ ఒక్కటీ అతడెరుగడు. కొంతసేపు మౌనంగా చూసి, "ఇవి నేనెప్పుడు ఇచ్చానో నాకే తెలియదు సార్" అన్నాడు. మరునాడు చెల్లెలు ఫోనుతో సహా తరగతికి వచ్చింది. ఆ అన్న చూసిన జాబితాను ప్రతి అన్న, ప్రతి తండ్రి, ప్రతి అధ్యాపకుడు ముందు తన ఫోనులో తెరిచి చూసుకొనాలని, ఆ తరువాతనే పిల్లల ఫోను వైపు చేయి చాపాలని నా మనవి.