క్లేర్ షార్ట్ సాయం, మన సేద్యం

2047 నాటికి మనం ఎలా బతకాలో చెప్పే పత్రాలను తెలుగు రాష్ట్రాల పాలకులు తయారు చేసుకున్నారు. ఇలాంటి పత్రం మనకు కొత్త కాదు. 1999లో వచ్చిన విజన్ 2020 మన పాత కార్యకర్తలకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద ఎత్తున గ్రాంట్లు ఇచ్చిన విదేశీ ప్రభుత్వం బ్రిటన్. ఆ శాఖ మంత్రి క్లేర్ షార్ట్. మన పొలాల మీద ఆమె శాఖ ప్రభావం ఎంత ఉన్నా, ఆమె పేరు మన ఊళ్ళలో పెద్దగా ఎవరికీ తెలియదు.

ఆమెది బర్మింగ్‌హాం. హోం శాఖలో ఉద్యోగం చేసి, 1983లో లేబర్ పార్టీ ఎంపీ అయ్యారు. 1997లో ఆ పార్టీ గెలిచాక విదేశీ సాయానికి డిఎఫ్‌ఐడి అనే ప్రత్యేక శాఖ పెట్టి ఆమెకు అప్పగించారు. అంతకుముందు ఈ పని విదేశాంగ శాఖ కింద నడిచేది. ఎలా నడిచేదో చెప్పడానికి మలేషియాలోని పెర్గావ్ డ్యాం చాలు. ఆయుధాల అమ్మకంతో ముడిపెట్టి దానికి 23 కోట్ల 40 లక్షల పౌండ్ల సాయం ప్రకటించారు. అది చట్టవిరుద్ధమని 1994లో లండన్ హైకోర్టు తేల్చింది.

మా సరుకు కొంటేనే సాయం అనే పద్ధతిని క్లేర్ షార్ట్ ఎత్తేశారు. యూరియా బస్తా కావాలంటే ఈ మందు డబ్బా కూడా కొనాల్సిందేనని డీలరు అంటగడతాడే, అచ్చం అలాంటి పద్ధతి అది. 2001 ఏప్రిల్ నుంచి బ్రిటన్ సాయానికి ఆ ముడి లేదు. పేదరికం తగ్గించడానికే సాయం ఖర్చు పెట్టాలని 2002లో చట్టం కూడా తెచ్చారు. మంచి పనిని మంచి పని అనడానికి మాకు మొహమాటం లేదు.

కానీ సరుకు ముడి తెగినా విధానాల ముడి అలాగే ఉంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో ఇక్కడ మొదలైన విద్యుత్ సంస్కరణలకు డిఎఫ్‌ఐడి కూడా డబ్బిచ్చింది. 1998లో చట్టం వచ్చింది, 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు, 2000లో ఛార్జీలు పెరిగాయి. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఏం జరిగిందో మన యూనియన్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ కాల్పులను లండన్ మంత్రి ఖాతాలో వేయడం మా ఉద్దేశం కాదు. ఛార్జీలు పెంచిందీ, తుపాకులు పేల్చిందీ ఇక్కడి వాళ్ళే. మా ప్రశ్న ఒక్కటే. పేదల కోసమని చట్టం చేసుకున్న శాఖ, ఆ పేదలను ఎప్పుడు అడిగింది?

అడిగిన సందర్భం ఒకటుంది, అయితే అడిగింది ఆ శాఖ కాదు. 2001 జూన్‌లో అప్పటి మెదక్ జిల్లా అల్గోల్ గ్రామంలో కొన్ని స్వచ్ఛంద, పరిశోధన సంస్థలు ‘ప్రజాతీర్పు’ జరిపాయి. న్యాయనిర్ణేతలు చిన్న సన్నకారు రైతులు, ఎక్కువ మంది ఆడవాళ్ళు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్ళు వచ్చి వాళ్ళ ముందు సాక్ష్యం చెప్పుకున్నారు. (మామూలుగా మనం వాళ్ళ గదుల బయట నిలబడతాం కదా!) సేద్యం మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40 శాతం చుట్టుపక్కలకు తగ్గించాలన్నది విజన్ 2020 లెక్క. ఆ తగ్గేవాళ్ళు ఎక్కడికి పోవాలి? రోజుల తరబడి విన్నాక వాళ్ళు విజన్ 2020 వద్దన్నారు, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. మా తిండి, మా విత్తనం, మా భూమి మా చేతుల్లోనే ఉండాలన్నారు.

2002లో ఈ తీర్పు బ్రిటన్ పార్లమెంటు దాకా వెళ్ళింది. విజన్ 2020 రాష్ట్ర ప్రభుత్వానిదనీ, దాన్ని తమకు అంటగట్టడం సరికాదనీ డిఎఫ్‌ఐడి అధికారులు నివేదిక మీద అభ్యంతరం చెప్పారు. దాన్ని అచ్చేసిన లండన్ సంస్థ కొన్నాళ్ళు నివేదికను పక్కన పెట్టింది. ఆడవాళ్ళు కూర్చుని చెప్పిన తీర్పులోని విషయం వదిలేసి, జ్యూరీని ఎలా ఎంచారు, నివేదిక ఎలా రాశారు అనే దాని మీదే చర్చంతా నడిచింది.

ఇరాక్ యుద్ధం విషయంలో 2003 మేలో క్లేర్ షార్ట్ రాజీనామా చేశారు. గనుల, చమురు కంపెనీలు ప్రభుత్వాలకు కట్టే డబ్బు లెక్క జనానికి చెప్పాలని పనిచేసే అంతర్జాతీయ సంస్థకు 2011 నుంచి కొన్నేళ్ళు అధ్యక్షురాలిగా ఉన్నారు. డిఎఫ్‌ఐడిని 2020లో మళ్ళీ విదేశాంగ శాఖలో కలిపేశారు.

ఇప్పుడు అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఏడీబీ అప్పులు వచ్చాయి. 2000లో మన చేతిలో లేని సమాచార హక్కు చట్టం ఇప్పుడు ఉంది. సేద్యం, కరెంటు, నీరు, భూమికి సంబంధించిన ప్రతి విదేశీ అప్పు ఒప్పందాన్నీ, దాని షరతులతో సహా, తెలుగులో ఇవ్వమని మన మండల కమిటీలు దరఖాస్తులు పెట్టాలి. వచ్చిన కాగితాలను గ్రామసభలో చదివించాలి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతి కూడా సభ మినిట్స్‌లో రాయించాలి.