మధుమేహం - చరవాణి సాయం

వైద్యుడు మధుమేహ రోగిని చూచేది ఏ మూడు నెలలకో ఒకసారి, అదీ కొద్ది నిమిషాలు. తక్కిన రోజులన్నీ రోగి తనకు తానే వైద్యుడు. ఏమి తినాలి, ఎంత నడవాలి, ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలి అన్న నిర్ణయాలు ఇంటిలోనే జరుగుతాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో పది కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో జీవిస్తున్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి వాకిట నిలిచి ఉన్నారు. ఇంతమందికి అనుదినం సలహా చెప్పడం వైద్యులకు సాధ్యమయ్యే పని కాదు. కనుక సెల్‌ఫోన్ ఈ రంగంలో ప్రవేశించడం సహజమే. మిస్డ్ కాల్ ఇచ్చిన వారికి మధుమేహ సూచనలను సంక్షిప్త సందేశాలుగా పంపే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2016లోనే ప్రారంభించింది.

నేటి యాప్‌ల అసలు ప్రయోజనం సలహాలలో లేదు, లెక్కలో ఉంది. పరీక్షకు రెండు రోజుల ముందు నుండి పథ్యం పాటించి, "బాగానే ఉందండీ" అని వైద్యునికి చెప్పడం మనవారిలో చాలామందికి అలవాటు. హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ చాతుర్యాన్ని కొంత బయటపెట్టింది. అయితే అది రెండు మూడు నెలల సగటును మాత్రమే తెలుపుతుంది. ఒకనాడు 60కి పడిపోయి, మరునాడు 240కి ఎగబాకిన చక్కెర సగటులో 150గా కనబడి అందరినీ ఊరడిస్తుంది. గ్లూకోమీటరు అంకెలను వేళ తప్పక యాప్‌లో చేర్చినవారికి ఆ ఎత్తుపల్లాలు గీతరూపంలో కనబడతాయి. సంక్రాంతి అరిసెలను ఇంటివారి కంట పడకుండా తినవచ్చు గాని, ఆ గీత నుండి దాచలేరు.

యాప్‌కు తెలియనివీ కొన్ని ఉన్నాయి. అది కప్పులలో, గ్రాములలో అడుగుతుంది. తెలుగు ఇంటిలో అన్నం గరిటెతో వడ్డిస్తారు. "ఇంకొక్క ముద్ద" అని అమ్మ వేసినది ఏ లెక్కలోకీ రాదు. ఇది చిన్న పొరపాటే. ఇన్సులిన్ మోతాదును లెక్కకట్టే యాప్‌ల సంగతి వేరు. 46 యాప్‌లను పరిశీలించి పరిశోధకులు 2015లో ప్రకటించిన అధ్యయనంలో, మూడింట రెండు వంతులు తప్పు మోతాదు చూపే అవకాశం ఉన్నట్లు తేలింది. కొన్ని దేశాల్లో చక్కెరను మిల్లీమోల్‌లలో కొలుస్తారు. అక్కడి 10 మన 180 మిల్లీగ్రాములకు సమానం. కొలమానం మారిందని గమనించకుండా మందు మార్చుకోవడం ప్రాణాంతకం. చక్కెర 70 కన్నా తగ్గి చెమటలు పడుతున్నప్పుడు ఫోన్ వెదకడం కాదు, వెంటనే 15 గ్రాముల గ్లూకోజు తీసుకొని, పావుగంట తరువాత మరల పరీక్షించుకోవాలి. మోతాదు మార్చే అధికారం వైద్యునిదే.

భాష మరొక అడ్డంకి. పెక్కు యాప్‌లు ఆంగ్లంలో మాట్లాడతాయి. వాటి అవసరం ఎక్కువగా ఉన్న నాయనమ్మకు తెరపై అంకెలు తప్ప మరేమీ బోధపడవు. కళాశాలలో చదివే మనుమడు వారానికొకసారి ఆ అంకెలను తేదీలతో సహా తెలుగులో ఒక కాగితంపై రాసి ఇస్తే, ఆమె దానిని మడిచి, మందుల చీటీతో కలిపి ఆసుపత్రికి తీసుకొని వెళుతుంది.