కరపత్రానికి విలువ ఎంత?
వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ప్రజాసంబంధాలు, ఆరోగ్య సమాచార ప్రసారం బోధించే అధ్యాపకుల పదోన్నతిలో నాస్ రేటింగు గల పత్రికల వ్యాసాలకున్న విలువ, రైతు చేతికి చేరే తెలుగు కరపత్రానికి లేదు. ఇది సమంజసం కాదు.

పురుగుమందు డబ్బాపై ఉండే రంగు త్రికోణాన్నే పరిశీలిద్దాం. 1971 నాటి కీటకనాశినుల నియమావళి ప్రకారం ఎరుపు అత్యంత విషపూరితానికి సంకేతం. ఆ తరువాత వరుసగా పసుపు, నీలం. ఆకుపచ్చ సైతం స్వల్ప విషాన్నే సూచిస్తుంది, నిరపాయాన్ని కాదు. అయితే శాకాహార పొట్లాలపై కనిపించేదీ ఆకుపచ్చ గుర్తే! పిచికారీ చేసే కూలీ దానిని ఏ అర్థంలో గ్రహించాలి? విషలక్షణాలు, విరుగుడు కరపత్రంలో ముద్రించాలని నియమావళి చెబుతున్నది. ముద్రించినంత మాత్రాన అవగాహన కలగదు.

ఆ సందేశాన్ని కూలీలకు చదివి వినిపించి, వారు గ్రహించిన తీరును నమోదు చేసి, పదాలను మార్చి, మరల పరీక్షించడం పరిశోధనే. అందుకు ఒక పంటకాలమైనా పడుతుంది. దానిని ‘విస్తరణ కార్యక్రమం’ అంటూ ఒక్క పంక్తిలో ముగిస్తే యువ అధ్యాపకులు ఆ పనికి ఎందుకు పూనుకుంటారు? క్షేత్రపరీక్ష నివేదికతో కూడిన కరపత్రాన్ని పరిశోధన వ్యాసంతో సమానంగా గణించాలి. ఆ నివేదికను మదింపు చేసేవారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యులొకరు తప్పక ఉండాలి.