జాగా మీదైతే జుర్మానా కూడా మీదేనా?

రెండు నిమిషాలు ఆటో ఆపితే అయిదు వందల జుర్మానా. ముసలమ్మను దించడానికి ఆపినా అంతే, ఎరువు బస్తా దించడానికి ఆపినా అంతే. ఊళ్లో రైసుమిల్లు ముందర, మండల కేంద్రంలో ఫంక్షన్ హాలు గేటు కాడ, పట్నంలో ప్రైవేటు ఆసుపత్రి మెట్ల దగ్గర మన పిల్లలకు ఎదురయ్యే ముచ్చటే ఇది. "ఎవర్నడిగి ఆపినవ్‌రా ఈడ? ఇది పట్టా జాగా. పైసలు కట్టు, లేకుంటే తాళంచెవి ఇడువు" అంటాడు కాపలావాడు. కట్టకపోతే చక్రానికి గొలుసు పడుతుంది. కడితే రసీదు ఉండదు. రసీదు అడిగితే కులం పేరు పెట్టి తిట్టడం ఒకటి ఉంటుంది.

మన వాడల్లో చదువుకున్న పిల్లలు ఉద్యోగాలు రాక, అప్పు చేసి ఆటో కొన్నారు. కొందరు కిరాయికి ట్రాలీ తోలుతున్నారు. పొద్దంతా తిరిగితే వచ్చిన దాంట్లోంచి ఫైనాన్సు కిస్తీ పోవాలి, డీజిలు పోవాలి, ఇంటికి బియ్యం రావాలి. అలాంటివాడి చేతిలోంచి అయిదు వందలు గుంజుకుంటే ఆ రోజు కష్టమంతా గుంజుకున్నట్టే. అందుకే దీన్ని చిన్న విషయమని మేము అనుకోవడం లేదు.

మా ప్రశ్న ఒక్కటే. జాగా ఉన్నవాడికి జుర్మానా వేసే అధికారం ఎవరిచ్చారు?

జాగా వాడిదే అనుకుందాం. ఇక్కడ ఆపొద్దని చెప్పే హక్కు వాడికుంది. బండి తీయమని అడిగే హక్కుంది. బండి తగిలి గోడ కూలితే, పైరు పాడైతే ఆ నష్టం అడిగే హక్కుంది. కాని తానే ఫిర్యాదీ, తానే సాక్షి, తానే జడ్జి, తానే జవాను అయ్యి, శిక్ష వేసి, ఆ సొమ్మును తన జేబులోనే వేసుకోవడం ఎక్కడి న్యాయం? జుర్మానా అంటే శిక్ష. శిక్ష ఎంతో చట్టం చెప్పాలి, వేసేది సర్కారు కావాలి, సొమ్ము ఖజానాకు పోవాలి.

మన తాతలకు బందెలదొడ్డి తెలుసు. 1871లో తెల్లదొరలు పశువుల బందె చట్టం చేశారు. పైరు మేసిన పశువును పట్టుకునే అధికారం ఆ చట్టం భూమి గలవాడికి ఇచ్చింది. కాని 24 గంటల లోపల దాన్ని బందెలదొడ్డికి తోలాలని కూడా చెప్పింది. జుర్మానా ఎంతో సర్కారు పట్టికలో ఉండాలంది. అన్యాయంగా పట్టుకుంటే పశువు గలవాడు పది రోజుల లోపల మెజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయొచ్చునంది. రుజువైతే కట్టిన సొమ్ము వాపసు, పైన నూరు రూపాయల దాకా పరిహారం. ఊళ్లో దొరలు ఈ చట్టాన్ని ఎంత పాటించారో మనకు తెలుసు. మాదిగవాడ బర్రె గట్టు దాటితే దొర కొట్టంలోనే కట్టేసేవాళ్లు, వెట్టి చేయించుకుని విడిచేవాళ్లు. అయినా చట్టం మాత్రం చట్టమే. నూటయాభై ఏళ్ల కింద బర్రెకు రాసిపెట్టిన పాటి రక్షణ ఇవాళ మన పిల్లగాని ఆటోకు ఉండొద్దా?

"ఇది ప్రైవేటు" అనే మాట కూడా మనకు కొత్త కాదు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు ముట్టుకున్నాక సవర్ణులు కోర్టుకెక్కి ఏం చెప్పారు? ఆ చెరువు తమ సొంతమన్నారు. అందరికీ తెరిచామని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసిన చెరువు అది! కేసు పదేళ్లు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు వాళ్ల వాదన కొట్టేసింది. "మాది" అనగానే ఏదీ వాడిదైపోదు, రుజువు చూపించాలి. ఆ రుజువు అడగడానికి మనకు ఓపిక ఉండాలి, వెనక సంఘం ఉండాలి.

అందుకే మొదట జాగా ఎవరిదో తేల్చండి. రోడ్డు మార్జినులో రాళ్లు పాతి, పోరంబోకులోకి గోడ జరిపి, బండ్లబాటకు గేటు పెట్టి, పైన "పట్టా భూమి" అని బోర్డు రాసేవాళ్లు ఉన్నారు. సర్వే నంబరు, గ్రామ నక్షా, పహాణీ లేక అడంగల్ నకలు కావాలని సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అది అందరి దారే అని తేలితే కథ మారిపోతుంది. అందరూ నడిచే రోడ్డును, దారిని ఎస్సీ ఎస్టీలు వాడుకోకుండా అడ్డుకోవడం 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం నేరం.

జాగా నిజంగా వాడిదే అయితే? అప్పుడు కూడా భయపడాల్సింది లేదు. చక్రానికి తాళం వేయించే అధికారం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది, సెక్యూరిటీ గార్డుకు కాదు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, మనిషిని పోనీయకుండా అడ్డుకుంటే 126వ సెక్షను ఉంది, బెదిరించి పైసలు గుంజితే 308వ సెక్షను ఉంది. గేటు మీద "ఆపితే అయిదు వేలు" అని బోర్డు పెట్టారంటారా? అది ఒప్పందమే అనుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. బోర్డు మీద రాసిన అంకె అంతా ఇప్పించాలని లేదు.

పట్నం మాల్‌లకు సంగతి ఇంకా స్పష్టం. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన జి.వో. 63 ప్రకారం మాల్‌లలో, మల్టీప్లెక్సులలో మొదటి 30 నిమిషాలకు పార్కింగు ఫీజే లేదు. గంట లోపల అయితే ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. ఒంటి తెర సినిమా హాళ్లు ఫీజు తీసుకోవచ్చని 2021లో సడలించారు. జి.వో. ఉందని తెలియనివాడి దగ్గరే వసూలు జోరుగా సాగుతుంది.

ఈ జబ్బు పై దేశాల్లోనూ ఉంది. ప్రైవేటు జాగాలో చక్రానికి తాళం వేసి డబ్బు అడగడం బలవంతపు వసూలే అని 1992లో స్కాట్లాండు కోర్టు చెప్పింది. ఇంగ్లండులో 2012 చట్టంతో ఆ తాళాలను నిషేధించారు. 2016లో ఆక్స్‌ఫర్డు కోర్టుకు ఒక కేసు వచ్చింది. ఒకామె తానుండే అపార్టుమెంటు వాకిట్లో బల్ల దించుకోవడానికి కాసేపు కారు ఆపితే కంపెనీ జుర్మానా వేసింది. సామాను దించడానికి ఆగడం వేరు, పార్కింగు వేరు అని జడ్జి తేల్చాడు. అయితే అక్కడి సుప్రీంకోర్టే 2015లో, రెండు గంటల హద్దు దాటి ఇంచుమించు ఇంకో గంట ఉంచిన కారుకు 85 పౌండ్లు కట్టాల్సిందే అంది. ఆ తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు. కాని ఎన్ని నిమిషాలు ఆగావు, ఎందుకు ఆగావు, బోర్డు ఎక్కడుంది అనేవి ఎక్కడైనా అడిగే ప్రశ్నలే. వాటికి జవాబు మన చేతిలో ఉండాలి.

కాబట్టి తమ్ముళ్లకు మా మాట. అక్కడ కొట్లాటకు దిగొద్దు. గొలుసు తెంపొద్దు, తెంపితే కేసు మన మీదికి తిరుగుతుంది. ఫోను తీసి బండి, బోర్డు, తాళం ఫొటోలు తీయండి, ఆగిన టైము రాసుకోండి. దిగిన ప్యాసింజరు పేరు అడిగి పెట్టుకోండి. 112కు ఫోను చేయండి. కట్టక తప్పకపోతే నగదు ఇవ్వకుండా ఫోనులో కట్టి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాయండి. తర్వాత సొమ్ము వాపసు ఇమ్మని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మాల్, ఆసుపత్రి లాంటివాటి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. వకీలు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోను చేయండి. ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది.

నలుగురి ముందు కులం పేరుతో తిడితే అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఇవ్వండి, విన్నవాళ్ల పేర్లు అందులో రాయండి. స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. కాని తిట్టని చోట తిట్టాడని రాయొద్దు. ఒక్క అబద్ధం పది నిజాలను ముంచుతుంది. అలాగే ఇంకొకరి గడపకు అడ్డంగా, అంబులెన్సు దారిలో బండి పెట్టి హక్కులు మాట్లాడొద్దు. దించే పని అయిపోతే కదిలిపోవాలి.

సంఘాల వాళ్లకు కూడా పని ఉంది. ఇలాంటి వసూళ్లు మీ మండలంలో ఎక్కడెక్కడ జరుగుతున్నాయో పట్టిక రాయండి. ఒక్క ఆటోవాడు అడిగితే తిడతారు, ఇరవై మంది సంతకాలతో అడిగితే కాగితం చూస్తారు. మనుషులు దిగడానికి, సామాను దించడానికి సర్కారు జాగాలో చోటు చూపాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఆసుపత్రుల ముందు పేషెంటును దించే బండికి జుర్మానా ఉండొద్దని కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వండి.

జాగా మీది కావొచ్చు దొరా, జడ్జి కుర్చీ మీది కాదు. రసీదు లేని జుర్మానా ఇకమీదట కట్టం.

జై భీమ్!