జీరో ఉన్నది కోలాలో, మందులో కాదు

చక్కెర లేని కోలా మన సరుకుల చీటీల్లోకి కూడా వచ్చేసింది. మార్కాపురంలో అయినా, గిద్దలూరులో అయినా, చాలా ఇళ్ళల్లో దాన్ని రాసేది మనమే. ఎవరికోసం? షుగర్ ఉన్న ఇంటాయన సాయంత్రం మందులో కలుపుకోవడానికి. "డాక్టరు చక్కెర మానేయమన్నాడు, మానేశాను కదా, ఇంకేం కావాలి?" అంటారు. ఈ మాటకి మనం తలూపడం మానేయాలి అంటాను నేను.

లెక్క చూద్దాం. లెక్కల్లో మనల్ని మించినవాళ్ళెవరు? 300 మి.లీ. మామూలు కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే 120 కెలొరీలు. జీరో కోలాతో అవి తగ్గాయి, నిజమే. మరి 180 మి.లీ. క్వార్టర్ విస్కీలో? సుమారు 60 గ్రాముల ఆల్కహాలు, గ్రాముకి 7 కెలొరీలు. 400 దాటింది. ఏడెనిమిది ఇడ్లీలంత! మనం ఆయనకోసం వేరేగా కొర్రన్నం వండి, సజ్జరొట్టె కొట్టి, కాఫీలో చక్కెర మాన్పించి పడిన పాటంతా ఆ గ్లాసులో పోయింది.

ఇంకో సంగతి. చక్కెర ఉన్న పానీయం కడుపులో కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, చక్కెర లేనిది త్వరగా దిగిపోతుంది. మద్యం కూడా దానితోపాటే త్వరగా రక్తంలోకి చేరుతుంది. 2006లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఈ రెండు రకాలూ తాగించి చూశారు. కడుపు సగం ఖాళీ కావడానికి చక్కెర ఉన్నదానికి 36 నిమిషాలు, లేనిదానికి 21 నిమిషాలు పట్టింది. 2013లో అమెరికాలో చూస్తే డైట్ సోడాతో తాగినవాళ్ళ ఊపిరిలో ఆల్కహాలు 18 శాతం ఎక్కువ తేలింది. అయినా ఎక్కువ ఎక్కినట్టు వాళ్ళకి అనిపించనే లేదట. అలాంటి మనిషి బండి తాళాలు తీసుకుంటే?

అసలు భయం రాత్రిది. రక్తంలో చక్కెర తగ్గితే కాలేయం కొత్తగా తయారుచేసి వదులుతుంది. మద్యం ఆ పనికి అడ్డుపడుతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే మనిషి తాగేసి అన్నం తినకుండా పడుకుంటే నిద్రలోనే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబడే మాట, పొంతనలేని సమాధానం. ఇవన్నీ చూసి మనమేమనుకుంటాం? "ఎక్కువైంది, పడుకోనీ" అని దుప్పటి కప్పుతాం. అలాంటప్పుడు లేపండి, గ్లూకోమీటరు ఉంటే చూడండి. మింగగలిగితే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

"అయితే మామూలు కోలా తెప్పించమంటావా?" అని అడుగుతారు. అదీ వద్దు. అది చక్కెరని పెంచుతుంది, మందు చేసే చెరుపు ఎలాగూ తప్పదు. గొడవ కోలా గురించి కాదు, క్వార్టర్ గురించి.

మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్ళకి శత్రువు ఎదురుగా కనిపించే సారా దుకాణం. ఇవాళ అదే తాగుడు పథ్యం పేరు పెట్టుకుని మన ఫ్రిజ్‌లో చేరి కూర్చుంది. దానికి చీటీ రాసి, చల్లబరిచి అందించేదీ మనమే. రేపు ఆయనకేమైనా అయితే "ఇంట్లో సరిగ్గా చూసుకోలేదు" అని అనిపించుకునేదీ మనమే!

అందుకే అక్కలూ, ఆ సీసాని చీటీలోంచి కొట్టేయండి. కావాలంటే ఆయన్నే కొనుక్కోమనండి. ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ వెళ్ళండి. రోజూ ఎంత తాగుతున్నారో, ఏ మాత్ర మీద తాగుతున్నారో ఆయన నోటితోనే చెప్పించండి. కలుపుకునేదాంట్లో చక్కెర లేదని సంబరపడే మనిషికి, గ్లాసులో మిగిలిందేమిటో డాక్టరే చెప్తారు.